ఆకుది పేరు, వక్కది పని

మా ఇంట్లో దేవుడి గూట్లో ఒక స్టీలు డబ్బా ఉంటుంది. దాన్నిండా వక్కలు. వాటిని ఎవరూ కొన్నట్టు గుర్తులేదు, ఎవరూ నమిలినట్టు అసలే గుర్తులేదు. శ్రావణ శుక్రవారం ఎవరింటికో పేరంటానికి వెళ్తే తాంబూలంలో రెండు వస్తాయి, మనింట్లో నోము నాడు అవే రెండు ఇంకొకరి చేతి సంచిలోకి వెళ్తాయి. ఒకసారి మా వదినకి అనుమానం వచ్చి ఒక వక్క మీద గోళ్ళరంగుతో చిన్న చుక్క పెట్టి ఇచ్చింది. నాలుగో వారానికి ఆ చుక్క వక్క మళ్ళీ మా డబ్బాలోనే తేలింది. కోనసీమలో వీధికి పాతిక వక్కలుంటే చాలు, నెలంతా నోములు నడిచిపోతాయని అప్పట్నుంచి మా ఇంట్లో జోకు.

వక్క గురించి వాదన మొదలైతే మా వాట్సాప్ గ్రూపులో రెండే పార్టీలు. ఒకళ్ళేమో తాంబూలం మన సంప్రదాయం, ఆయుర్వేదంలో ఉంది, దాన్నీ వదలరా అంటారు. రెండోవాళ్ళు ప్రపంచ ఆరోగ్య సంస్థే క్యాన్సర్ తెచ్చే సరుకని తేల్చేసింది కదా, ఇంకా మాటలెందుకంటారు. చిత్రమేమిటంటే ఇద్దరు చెప్పేదాంట్లోనూ నిజం ఉంది, కానీ ఇద్దరూ మాట్లాడుకునేది ఒకే వస్తువు గురించి కాదు. తాంబూలంలో ఆకు వేరు, వక్క వేరు, సున్నం వేరు, పొగాకు మరీ వేరు. ఇవ్వడం ఒక పని, నమలడం ఇంకో పని. మా డబ్బాలో వక్కలే సాక్ష్యం, అవి ఇరవై ఏళ్ళుగా సంప్రదాయాన్ని మోస్తున్నాయి, ఒక్క నోటినీ పాడు చెయ్యలేదు.

పేర్ల దగ్గరే తికమక మొదలవుతుంది. మనకి వక్క అన్నా పోక అన్నా ఒకటే. పోక అనే మాట సంస్కృతం 'పూగా'నికి చుట్టం, పూజలో తాంబూలం పెట్టేటప్పుడు పంతులుగారు 'పూగీఫల' అని ఎత్తుకునేది దీన్నే. ఇంకో పాత మాట కూడా ఉండేది, 'అడ'. అది విడిగా బతకలేదు గానీ అడకత్తెరలో ఇరుక్కుని మిగిలిపోయింది. కన్నడం వాళ్ళ అడికె, మలయాళం వాళ్ళ అడక్క దాని తోబుట్టువులు. ఆ అడక్కనే పోర్చుగీసువాళ్ళు పట్టుకెళ్ళి 'అరెకా' అన్నారు, తమలపాకుని అక్కడ వెట్టిల అంటే దాన్ని 'బీటెల్' చేశారు. బీటెల్ అంటే ఆకు. మరి ఇంగ్లీషువాళ్ళు వక్కని 'బీటెల్ నట్' అని ఎందుకంటారు? ఆకులో చుట్టి తింటారు కాబట్టి, ఆకు పేరు కాయకి అంటించేశారు, అంతే. రెండు వేర్వేరు మొక్కలు. ఒకటి మిరియాల జాతి తీగ, ఇంకోటి కొబ్బరికి పిన్నికొడుకు లాంటి సన్నటి చెట్టు. అంబాజీపేట, కొత్తపేట వైపు కొబ్బరి తోటల్లో నడిస్తే కొబ్బరి చెట్ల సందుల్లోంచి బొంగులా నిటారుగా లేచి కనిపించేవి అవే. పేరు అంటించడం ఇంగ్లీషువాళ్ళు చేసిన పొరపాటే గానీ, ఆకుకున్న మంచి పేరుని వక్క ఖాతాలో వెయ్యడం మాత్రం మనమూ చేస్తున్నాం.

చెట్టు పుట్టిల్లు మనది కాదు, ఆగ్నేయాసియా దీవుల వైపు నుంచి వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో పలావన్ దీవిలో డుయోంగ్ గుహ అని ఉంది, అక్కడ దొరికిన 4,600 ఏళ్ళనాటి అస్థిపంజరం పళ్ళకి గార ఉంది, పక్కనే సున్నం పెట్టుకునే గుల్లలు. మన వైపు 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన శాసనంలో సుంకాల పట్టీ ఉంటుంది. చందనం, కర్పూరం, ముత్యాలు, మిరియాలతోపాటు లక్ష పోకలకి ఇంత అని కూడా రాశారు. లెక్క లక్షల్లో ఉందంటే ఆ రోజుల్లో ఏ స్థాయిలో నమిలేవారో చూడండి.

రాజుల కొలువుల్లో తాంబూలం అందించడానికి అడపం, అంటే తాంబూలం సంచి, పట్టుకుని ఒక మనిషి నిలబడేవాడు, ఆ అడపం మోసే ఉద్యోగం చిన్నదేమీ కాదు. మనుచరిత్రలో ప్రవరుడు హిమాలయం మీద దారి తప్పి తిరుగుతుంటే అక్కడో ఆడమనిషి ఉన్నట్టు అతనికి కళ్ళతో కాదు, ముక్కుతో తెలిసింది, గాలిలో తాంబూలం వాసన వచ్చి. అయితే ఆ పద్యంలో వాసనంతా కస్తూరిది, కర్పూరానిది. వక్కకి అంత వాసనెక్కడిది? చరక సంహిత సూత్రస్థానంలో అయిదో అధ్యాయం కూడా అంతే, నోరు శుభ్రంగా, రుచిగా, సువాసనగా ఉండాలంటే జాజికాయ, పోక, లవంగం, తమలపాకు, కర్పూరం, ఏలకులు నోట్లో పెట్టుకోమంటుంది. మౌత్ ఫ్రెష్‌నర్ అన్నమాట. టూత్‌పేస్ట్ లేని రోజుల్లో భోజనం చేశాక మసాలా దినుసుల్లో ఒకటిగా చిన్న ముక్క. 'ఆయుర్వేదంలో ఉంది' అనేవాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. కానీ పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా బుగ్గలో పెట్టుకోమని అక్కడ రాసిలేదు.

మా మామ్మ తాంబూలం వేసుకునే తీరు నాకు బాగా గుర్తు. మధ్యాహ్నం భోజనం అయ్యాక అరుగు మీద కూర్చునేది. ఆకు తీసి చీర కుచ్చిళ్ళకి అటూ ఇటూ తుడిచి, తొడిమ తుంచి, వెనక ఈనె గోటితో లాగేసి, సున్నపుకాయలోంచి వేలి కొసతో గుల్ల సున్నం తీసి పల్చగా రాసేది, ఎక్కువైతే నోరు పొక్కుతుంది. అడకత్తెరతో వక్కని పలుకులుగా కత్తిరించేది. ఆ 'టక్కు'మనే చప్పుడు వింటే ఇంట్లో పిల్లలందరం చెయ్యి చాపుకుని వచ్చేవాళ్ళం, ఒక్కో పలుకు పెట్టేది. పళ్ళు ఊడాక చిన్న ఇత్తడి రోట్లో అన్నీ కలిపి దంచుకునేది. నోరు ఎర్రగా పండితే మొగుడికి ప్రేమ ఎక్కువని అనేవారు. ఆ ఎరుపు వక్కలో ఉన్న వగరు పదార్థాలు సున్నం తగిలి రంగు తిరగడం వల్ల వస్తుంది, తాతయ్య ప్రమేయం ఏమీ లేదు.

ఆ పలుకు నోట్లో పెట్టుకున్న మొదటిసారి నాకు తల తిరిగి, చెవులు వేడెక్కి, నుదుటి మీద చెమట పట్టింది. అది వక్కలో ఉన్న అరెకోలిన్ పని. మన నరాల వ్యవస్థలో తాళాల్లాంటివి కొన్ని ఉంటాయి, ఆ తాళాల్ని దొంగతాళంచెవిలా ఇది తెరుస్తుంది. నికోటిన్ తెరిచే తాళాలు కూడా కొన్ని వాటిలో ఉన్నాయి. అందుకే కాస్త హుషారు, ఒళ్ళు వెచ్చబడటం, నోట్లో ఊట, నిద్ర ఆగడం, అలవాటైతే వదలకపోవడం. సున్నం ఊరికే రంగు కోసం కాదు, క్షారం కలిస్తే ఈ మందు నోటి చర్మంలోంచి త్వరగా లోపలికి పోతుంది, కొంత అరెకైడిన్ అనే ఇంకో పదార్థంగా మారుతుంది. ఒకప్పుడు కుక్కల కడుపులో పురుగులు పడిపోవడానికి పశువుల డాక్టర్లు వాడింది కూడా ఈ అరెకోలినే. ప్రపంచంలో దాదాపు 60 కోట్ల మంది వక్క నములుతారని అంచనా. పొగాకు, మద్యం, కాఫీ టీల తర్వాత మనుషులు ఎక్కువగా పట్టుకున్న మత్తు ఇదేనట. మనం దీన్ని మత్తు అనుకోం. పేరంటంలో ఇచ్చే దాన్ని మత్తని ఎవరనుకుంటారు!

ఇప్పుడు అసలు తగువులోకి వద్దాం. నోటి క్యాన్సర్ అనగానే మన దగ్గర వేలు పొగాకు వైపే వెళ్తుంది, అందులో ఆశ్చర్యం లేదు, మనది లంక పొగాకు సీమ. గోదావరి లంకల్లో పండే ఆ ఘాటు పొగాకుతో చుట్టిన చుట్టలకి ఎంత పేరో చెప్పక్కర్లేదు, పొగాకు పరిశోధనకి కేంద్ర సంస్థని 1947లో రాజమండ్రిలోనే పెట్టారు. పైన శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్ళు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ వల్ల అంగిట్లో క్యాన్సర్లు వస్తాయని 1960ల్లో పిండ్‌బోర్గ్, మెహతా వంటి డాక్టర్లు ఊరూరా తిరిగి నోళ్ళు చూసి రాశారు. ఇన్ని చూశాక వక్క మీదకి ఎవరికి దృష్టి పోతుంది? ఆకులో పొగాకు పెట్టుకున్నవాడికి జబ్బు చేస్తే తప్పు పొగాకుదే అనుకున్నాం. నిపుణులూ అలాగే అనుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ కారకాల్ని తేల్చే సంస్థ ఒకటి ఉంది, ఐఏఆర్‌సీ అంటారు. అది 1985లో పొగాకుతో కలిపిన తాంబూలం క్యాన్సర్ తెస్తుందని చెప్పింది, పొగాకు లేనిదాని మీద మాత్రం ఆధారాలు చాలవని వదిలేసింది.

ఆధారాలు తైవాన్ నుంచి గట్టిగా వచ్చాయి. అక్కడివాళ్ళు వక్క విపరీతంగా నములుతారు గానీ అందులో పొగాకు కలపరు. అయినా మగవాళ్ళలో నోటి క్యాన్సర్లు బోలెడు. సిగరెట్టూ మందూ అలవాటు లేనివాళ్ళని విడదీసి చూసినా వక్క నమిలేవాళ్ళకి ముప్పు ఎక్కువే తేలింది. దాంతో 2004లో వచ్చిన నివేదికలో ఐఏఆర్‌సీ మాట మార్చుకుంది. పొగాకు లేని తాంబూలం, ఆమాటకొస్తే ఒట్టి వక్క కూడా, గ్రూపు 1, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రూఢి అయినవాటి జాబితాలోకి వెళ్ళాయి. ఆకు మీద విడిగా కేసేమీ లేదు. ఇన్నాళ్ళూ మనం పొగాకు వైపే చూస్తూ కూర్చున్నాం, వక్క పక్కనుంచి వెళ్ళిపోయింది.

ఇక్కడ రెండు వైపులా ఒక పొరపాటు జరుగుతుంది. గ్రూపు 1 అనేది 'ఎంత ప్రమాదం' అనే మార్కు కాదు, 'ఎంత ఖాయం' అనే మార్కు. అదే జాబితాలో సిగరెట్టూ ఉంది, మద్యమూ ఉంది, ఎండా ఉంది. అందుకని నోములో ఇచ్చిన పలుకు కొరికితే సిగరెట్ పెట్టె కాల్చినట్టే అనడం అతి. ఇటువైపు, 2020లో అదే సంస్థ అరెకోలిన్‌ని విడిగా చూసి 'కారకం కావచ్చు' అనే కింది గ్రూపులో పెట్టింది, దాన్ని పట్టుకుని చూశారా వక్కకి క్లీన్ చిట్ ఇచ్చారు అని ఫార్వర్డులు తిరిగాయి. అది వక్కలోని ఒక్క రసాయనం మీద తీర్పు, వక్క మీద కాదు. వక్క గ్రూపు 1లోనే ఉంది. 2022లో ప్రపంచం మొత్తం మీద వచ్చిన నోటి క్యాన్సర్లు సుమారు 3,90,000 అయితే, అందులో దాదాపు 1,20,000 నమిలే పొగాకు వల్లో వక్క వల్లో వచ్చినవేనని, అందులో 83,000 పైచిలుకు మన దేశంలోనివేనని ఆ సంస్థవాళ్ళే లెక్క కట్టారు.

క్యాన్సర్ మాట అటుంచండి, దానికంటే ముందు వచ్చేది, వక్క తప్ప ఇంకెవరి మీదా నెట్టడానికి లేనిది ఒకటుంది. నోటి లోపలి చర్మం కింద నారలా గట్టి పొరలు కట్టి, బుగ్గలు చెక్కల్లా బిగుసుకుపోయి, నోరు తెరుచుకోదు. డాక్టర్లు సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. వక్కలో రాగి ఎక్కువ, ఆ రాగీ అరెకోలినూ కలిసి చర్మం కింద కొల్లాజెన్ అనే నార పదార్థాన్ని పేర్చుకుంటూ పోతాయి, శరీరం దాన్ని కరిగించుకోలేదు. కేరళలో ఈ జబ్బున్న 66 మందిని 17 ఏళ్ళు గమనిస్తే అయిదుగురికి క్యాన్సర్ వచ్చింది. మిగతావాళ్ళకి క్యాన్సర్ రాలేదు గానీ, ఈ జబ్బు మాత్రం పోయేది కాదు.

మా పెద్ద బావది ఆకివీడు దగ్గర రొయ్యల చెరువు. రాత్రంతా చెరువు నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్ల దగ్గర కాపలా, కరెంటు పోతే జనరేటర్ వెయ్యాలి, కన్ను మూతపడితే లక్షలు పోతాయి, అదో టెన్షన్. నిద్ర ఆగడానికి వక్కపొడి ప్యాకెట్లు. "ఒరే, నేను గుట్కా ముట్టనురా, ఒట్టి వక్కపొడే" అనేవాడు, గర్వంగానే. రెండేళ్ళ క్రితం మా చెల్లి పెళ్ళిలో పక్కపక్కన కూర్చున్నాం. విస్తట్లో ఆవకాయ పక్కకి నెట్టేశాడు. గోదావరి మనిషి ఆవకాయ నెట్టేస్తే నాకు అప్పుడే అనుమానం రావాల్సింది, మంట పుడుతోందన్నాడు, అల్సర్ అనుకున్నాను. తర్వాత పూర్ణం బూరె వడ్డించారు. ఆయన దాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ పెదాల మధ్య నుంచి లోపలికి తోసుకున్నాడు. నెయ్యి గడ్డం మీదకి కారింది. "ఏంటి బావా" అంటే "దవడ పట్టేసిందిరా" అన్నాడు. పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఏ యంత్రమూ తియ్యలేదు. "మూడు వేళ్ళు కలిపి నిలువుగా నోట్లో పెట్టుకోండి" అన్నాడు. మామూలు మనిషికి మూడు పడతాయి. బావకి ఒక వేలు పట్టి రెండోది పళ్ళ దగ్గర ఆగిపోయింది.

కుర్రవాళ్ళలో ఈ జబ్బు ఇంతగా ఎందుకు పెరిగిందంటే ప్యాకెట్ వల్ల. మామ్మ తాంబూలానికి ఆకు కావాలి, సున్నం కావాలి, అడకత్తెర కావాలి, కూర్చోవడానికి అరుగు, పది నిమిషాల తీరిక కావాలి. ఇవన్నీ కుదిరేది రోజుకి ఒకటి రెండుసార్లు. 1970ల్లో పాన్ మసాలా అని వచ్చి, తర్వాత చిన్న ప్యాకెట్లుగా చీలి కిళ్ళీ కొట్టు తాడుకి దండలా వేలాడాక ఆకు పోయింది, తీరిక పోయింది, పొడి మాత్రమే మిగిలింది. లారీ స్టీరింగ్ మీద ఒక చెయ్యి ఉంచి రెండో చేత్తో చించుకోవచ్చు. పైగా ఆకు లేకపోవడం వల్ల పొడి బుగ్గలో అలాగే అంటుకుని గంటలకొద్దీ ఊరుతుంది. ప్యాకెట్ మీద ఇది నమలడం ఆరోగ్యానికి హానికరమని రాసే ఉంటుంది, ఎవరు చదువుతారు?

ప్రభుత్వం ఏం చేసిందంటే, 2011 నిబంధనల్లో తినే వస్తువుల్లో పొగాకు, నికోటిన్ కలపకూడదని పెట్టి, దాని ఆధారంగా ఒక్కో రాష్ట్రం గుట్కాని నిషేధిస్తూ వచ్చింది, మన దగ్గర కూడా. కంపెనీలు పొగాకుని ఒక ప్యాకెట్‌లో, వక్క మసాలాని ఇంకో ప్యాకెట్‌లో పెట్టి పక్కపక్కనే వేలాడదీశాయి, కలుపుకునేది మీరే. నిషేధం చాలాచోట్ల పొగాకు చుట్టూ కట్టిన కంచె, వక్క దాని బయటే ఉండిపోయింది. దాంతో జనానికి అర్థమైంది ఒక్కటే: పొగాకు లేనిది మంచిది. మా బావ గర్వం అక్కడిదే.

మరి వక్కని పూర్తిగా ఆపరేం అంటే, కర్ణాటకని ఎవరు ఒప్పిస్తారు? ప్రపంచంలో పండే వక్కలో సగానికి పైగా మన దేశానిదే, మన దేశంలో పండేదాంట్లో పెద్ద వాటా కర్ణాటకది. శివమొగ్గ, దక్షిణ కన్నడ జిల్లాల్లో అది లక్షల కుటుంబాల తిండి. వాళ్ళ రైతు సంఘాలు చెప్పేదేమిటంటే, పాత పరిశోధనలన్నీ పొగాకు కలిపిన తాంబూలం మీద చేసినవి, అసలైన వక్కని పరీక్షించలేదు అని. 1985 దాకా ఆ మాటకి బలం ఉంది. తైవాన్ లెక్కలు వచ్చాక లేదు. మన డెల్టాలో రైతుకి ఆ బాధ తక్కువ, ఇక్కడ వక్క కొబ్బరి మధ్యలో వేసిన అంతర పంట, నీడలో కోకో కూడా వస్తుంది, ఒకటి పోతే ఇంకోటి. రాలిన వక్క మట్టలతో ఫంక్షన్లకి ప్లేట్లు కొడితే బాగానే పోతాయి అని కొందరు దిగారు గానీ, 2025లో అమెరికా ఆహార నియంత్రణ సంస్థ ఆ ప్లేట్లలోంచి కూడా ఈ రసాయనాలు తిండిలోకి దిగొచ్చని అడ్డం తిరిగింది. ప్లేటులో ఒకపూట భోజనానికి ఏమవుతుందిలే అని నాకనిపిస్తుంది, వాళ్ళ రూలు వాళ్ళది.

ఇక 'మా మామ్మ తొంభై ఏళ్ళు నమిలింది, ఏమైంది' అనే వాదన. మా మామ్మా అంతే, ఎనభై ఏడు. కానీ ఆవిడతోపాటు అరుగు మీద కూర్చున్న పక్కింటి పెద్దావిడ బుగ్గకి పుండు పడి, ఆఖర్న గంజి కూడా దిగక పోయింది. ఆవిడ మనవలు వాట్సాప్ గ్రూపులో ఈ వాదన చెయ్యరు కదా, మనకి వినిపించేది బతికినవాళ్ళ మామ్మల సంగతే. పైగా మామ్మ నమిలింది రోజుకి ఒక పలుకు, బావ తిన్నది రాత్రికి ఎనిమిది ప్యాకెట్లు.

నిశ్చయ తాంబూలాలు మార్చుకోవడానికి, వాయనంలో పెట్టడానికి, దేవుడి ముందు ఉంచడానికి వక్క కావాలి, ఉండనివ్వండి, అక్కడ ఎవరూ నమలడం లేదు. భోజనాలయ్యాక కిళ్ళీ వేసుకోవాలనిపిస్తే వక్క లేకుండా కట్టమనండి, కొట్టువాడు గుల్కంద్, సోంపు, కొబ్బరి కోరు, లవంగం పెట్టి శుభ్రంగా కడతాడు. నేను అదే వేసుకుంటాను, నోరు ఎర్రబడదు, అంతే తేడా. పిల్లలకి తియ్యటి వక్కపొడి పెట్టడం మాత్రం మా ఇంట్లో ఆపేశాం, వదిన చాలా గొడవ చేసింది, మంచిదే అయింది.

బావ వక్క మానేసి ఏడాదిన్నర అవుతోంది. మానేస్తే ముదరడం ఆగుతుంది గానీ, కట్టిన నార వెనక్కి పోదని డాక్టరు ముందే చెప్పేశాడు. బుగ్గల్లోకి ఇంజెక్షన్లు చేశారు, రోజూ ఎక్సర్‌సైజు చెయ్యమన్నారు. దానికి సామాను ఐస్‌క్రీమ్ పుల్లలు. ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టగా పళ్ళ మధ్య పెట్టుకుని, ఆపైన ఇంకోటి తోసుకోవాలి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా. మొదట్లో తొమ్మిది పుల్లలు పట్టేవి. పోయిన ఆదివారం వెళ్తే చెరువు గట్టు మీద షెడ్డులో కూర్చుని లెక్కపెట్టి చూపించాడు, పదమూడు. అక్క బూరెలు చేసింది. ఇంకా తుంచుకునే తింటున్నాడు, కాకపోతే ఇప్పుడు నాలుగు ముక్కలు కాదు, రెండే.